హెలికాప్టరు దిగే చోట తాండ్ర

"తియ్యను," అన్నాను.

"అమ్మా, అది హెలికాప్టరు దిగే సోటు! ఎవరైనా అక్కడ తాండ్ర పోస్తారేటమ్మా?" అంది నా కూతురు.

"ఇన్నాళ్ళూ ఒక్కటైనా దిగిందేటి? కాకి కూడా దిగలేదు. అంత ఎత్తుకి ఎగరడానికి కాకులకే ఓపిక లేదు."

"రేపు దిగుతాదే తల్లీ. పెళ్ళికొడుకు దిగుతాడు."

"పెళ్ళికొడుక్కి కింద గేటు లేదా? సలాం కొట్టడానికి గేటు కాడ మనుషుల్ని నిలబెట్టారు కదా. ఆళ్ళ ముందు నుంచి రమ్మను."

"నీకు సెప్పడం నా వల్ల కాదు."

"కాకపోతే మానెయ్యి. కాలు కిందకి దించకు, వాసిపోతాది."

అప్పటికి అది తెల్ల సోఫాలో కూచుని ఉంది. కాలికి పిండికట్టు. ఆ కాలు రెండు తలగడల మీద పెట్టి ఉంది. ఎంత కోపం వచ్చినా లేచి గదిలోకి పోయి తలుపు వేసుకునే వీల్లేదు. ఆ రోజు నాకున్న బలం అదొక్కటే. మా అల్లుడు చెప్పులు కూడా విప్పకుండా గుమ్మం దగ్గర ఫోను పట్టుకుని నించున్నాడు. మా ఇద్దరి మధ్యా నోరు విప్పితే రెండు పక్కల నుంచీ పడతాయని ఆయనకి పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది.

ఈ తగువు అర్థం కావాలంటే మామిడిపళ్ళ గోనెల దగ్గర నుంచి చెప్పాలి.

మాది ఆమదాలవలస పక్కన పల్లె. రోహిణి ఎండలు మండిపోతుండగా విశాఖపట్నం నుంచి ఫోను వచ్చింది, మా అమ్మాయి స్నానాల గదిలో జారిపడి మడమ దగ్గర ఎముక విరగ్గొట్టుకుందని. ఆ స్నానాల గది మా వంటింటికన్నా పెద్దది. అంత జాగా ఇస్తే మనిషి జారక ఏం చేస్తుంది? వెళ్ళి వండి పెట్టాలి. వెళ్ళడానికి నాకేం బాధ లేదు, కాని సరిగ్గా ఆ వారమే మా పెరట్లో పీచుమామిడి పండుకొచ్చింది. ఆ చెట్టు కాయ ఊరగాయకి పనికిరాదు. కోసుకు తిందామంటే పళ్ళసందుల్లో పీచు ఇరుక్కుని సాయంత్రం దాకా పుల్లతో కుస్తీ పట్టాలి. తాండ్రకి మాత్రం దాన్ని మించింది మా చుట్టుపక్కల లేదు. కూతురి కాలూ ఆగేది కాదు, పండూ ఆగేది కాదు. అందుకని దోరపళ్ళు అడుగున, పండినవి పైన గడ్డిలో సర్ది రెండు గోనెలు కట్టి, తాటాకు చాపలు చుట్టి, బెల్లం మూట చంకన పెట్టుకుని పాసింజరు బండెక్కాను.

ఈ ఏటి తాండ్ర మా ఇంట్లో తినడానికి కాదు. మా మనవరాలికి, అంటే ఈ కాలు విరిగిన దాని కూతురికి, మాఘమాసంలో పెళ్ళి చేశాం. నౌపడ వైపు ఇచ్చాం. ఆషాఢం రాగానే పిల్లని పుట్టింటికి తెచ్చుకోవాలి. తేవడానికి వెళ్ళేటప్పుడు అత్తవారింటికి సారె పట్టికెళ్ళాలి. సారె అంటే ఆ ఇంట్లోవాళ్ళు తిని చేతులు కడుక్కునేది కాదు. గుమ్మం గుమ్మానికీ తిరిగి ఊరంతా పంచుతారు. పంచాక ఊరంతా అరుగుల మీద కూచుని, లడ్డూ రాయిలా ఉందనో, కాజాలో పాకం లేదనో తీర్పు చెబుతారు. పిల్ల ఆ ఊళ్ళో కాపరం చేసినన్నాళ్ళూ ఆ తీర్పు దాని వెనకాల తిరుగుతుంది. అది తెలిసి కూడా, పెళ్ళి పందిట్లో నలుగురి ముందూ మా మనవరాలి అత్తగారితో "వదినా, మా సారెలో కొట్టు సరుకు ఉండదు. తాండ్ర నా సేత్తో పోసిందే వస్తాది" అనేశాను. అన్నాక ఇంకేముంది, పొయ్యాలి.

తాండ్ర పొయ్యడం చూడ్డానికి తేలిక. రసం పిండి, పీచు వడకట్టి, బెల్లం కలిపి, చాప మీద పలచగా పొయ్యడమే. అది ఎండాక దాని మీద ఇంకో పొర. మర్నాడు ఇంకోటి. అలా పొరమీద పొర వేలు మందం దేరేదాకా. ఎండ తప్పితే పులుస్తుంది. తడి ఆరకుండా మడిస్తే బూజు పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి పొర ఏ చెయ్యి పోసిందో ఆఖరి పొర కూడా ఆ చెయ్యే పొయ్యాలి. మా అత్తగారి నాటి నుంచీ అదే పద్ధతి. మా వీధిలో ఇద్దరు తోడికోడళ్ళు వంతులు వేసుకుని చెరో పొరా పోస్తే తాండ్ర మధ్యకి రెండుగా విడిపోయింది. తర్వాత వాళ్ళూ వేరుపడ్డారు.

మా అమ్మాయి వాళ్ళ ఇల్లు ముప్పై రెండో అంతస్తులో. లిఫ్టు ఎక్కితే చెవులు దిబ్బడ వేస్తాయి. నేనొక్కదాన్ని ఎక్కినా పదిమంది ఎక్కినా అది తినే కరెంటు అంతేనట. అందుకని ఇంకెవరైనా వచ్చేదాకా ఆగి, వాళ్ళతో కలిసి ఎక్కేదాన్ని. వరండాల్లో మనిషి అలికిడి అయితే దీపాలు వాటంతటవే వెలుగుతాయి. పట్టపగలు దీపమేమిటని గోడవారగా, అడుగు చప్పుడు లేకుండా నడిచి చూశాను. అయినా వెలిగాయి. మధ్య అంతస్తులో ఈత కొట్టడానికి నీళ్ళు నింపి పెట్టారు. నీలంగా, అంచుల దాకా నిండి, పొద్దున్నా సాయంత్రం కూడా ఖాళీ. బాతు కూడా లేదు.

వీటన్నిటికన్నా నా ప్రాణం తీసింది ఎండ. వాళ్ళ హాలుకి తూరుపు గోడంతా అద్దమే. తెల్లారేసరికి సముద్రం మీంచి ఎండ వచ్చి నేలంతా చాప పరిచినట్టు పరుచుకుంటుంది. వెళ్ళిన మర్నాడే ఆ ఎండలో చాపలు దింపబోయాను.

"అమ్మా! ఇటాలియన్ మార్బులు!" అని సోఫాలోంచి కేక.

"ఏ దేశందైతే ఏటి, నేలే కదా."

"మావిడి రసం సుక్క పడితే మరక సచ్చినా పోదు. హాలు ముట్టుకోకు. అంతగా కావాలంటే తాండ్ర కొట్లో దొరుకుతాది."

బాల్కనీలో వేద్దామంటే అక్కడా కుదరదట. బయటికి కనబడేలా తడి గుడ్డ కూడా ఆరెయ్యకూడదని ఆ మేడవాళ్ళ కట్టుబాటు. చీరలు ఆరబెట్టడానికి కరెంటు యంత్రం. బయట ఎండ మాత్రం ఊరికే వచ్చి ఊరికే పోతుంది. నేను మూడో తరగతితో బడి మానేసిన మనిషినే, ఆ లెక్క నాకు ఎటునుంచి వేసినా కుదరలేదు.

మూడో రోజు సామాన్ల లిఫ్టులో ఆఖరి దాకా వెళ్ళాను. అక్కడి నుంచి కొన్ని మెట్లు, ఆ పైన ఇనప తలుపు, తలుపు దగ్గర కుర్చీలో ఒక నడివయసు కాపలాదారు. మనిషిది బరంపురం పక్కన. నౌపడ వైపు చుట్టరికాల వల్ల నాకు నాలుగు ఒడియా ముక్కలు వచ్చు. మొదటి ముక్కకి లేచి నించున్నాడు. రెండో ముక్కకి తలుపు తీశాడు. మూడో ముక్క అక్కర్లేకపోయింది, మామిడిపండు ఇచ్చాను.

తలుపు దాటి చూద్దును కదా, కళ్ళం! సాక్షాత్తూ నూర్పుల కళ్ళం. గుండ్రంగా, సాపుగా, గచ్చు చేసి, చుట్టూ తెల్లగా గీత గీసి ఉంది. మధ్యలో ఒకే మెట్టున్న నిచ్చెనలాంటి బొమ్మ. చెట్టు లేదు, గోడ లేదు, నీడన్న మాట లేదు. పొద్దు పొడిచిన దగ్గర నుంచి గూకేదాకా ఎండ అక్కడే కాపరం. మా ఊళ్ళో ఇలాంటి కళ్ళం ఉంటే నూర్పుల రోజుల్లో దానికోసం తలలు పగిలేవి. వీళ్ళేమో కట్టుకుని, తలుపేసి, మనిషిని కాపలా పెట్టుకున్నారు. ఇది దేనికని కాపలాదారుని అడిగితే చెయ్యెత్తి ఆకాశం చూపించాడు. దేవుడికి అంటున్నాడనుకున్నాను. దేవుడికైతే ఇంకా మంచిది.

నాలుగు వైపులా పసుపునీళ్ళు చల్లాను. కళ్ళంలో గింజ దింపేముందు వేసినట్టే బియ్యప్పిండితో చిన్న ముగ్గు వేశాను. పేడ దొరికితే అలికేదాన్నే. చాపలు పరిచి మొదటి పొర పోశాను. పైన సముద్రపు గాలి ఎక్కువ, చాపలు లేచిపోతాయని కింద అంతస్తులో పూలకుండీల్లో పోసిన తెల్లటి గులకరాళ్ళు తెచ్చి అంచుల మీద పేర్చాను. ఈగ వాలకుండా పలచటి చీర కప్పాను. ఆ రోజంతా నా మనసు చల్లగా ఉంది.

రోజూ వంట చేసి, దాని కాలికింద తలగడలు సర్ది, గిన్నెతో బయల్దేరేదాన్ని.

"ఎక్కడికెళ్తన్నావమ్మా?"

"ఎండకి."

"మంచిదే. మోకాళ్ళకి బలం."

అబద్ధం ఆడలేదు. అడిగినదానికి చెప్పాను. గోనెలు తరిగిపోవడం చూసి పళ్ళేవని ఒకసారి అడిగింది. పనిలో ఉన్నాయన్నాను. మంచం మీదున్న మనిషికి అన్నీ విడమరిచి చెప్పి బెంగ పెట్టకూడదు.

అలా తాండ్ర వేలు మందానికి వచ్చింది. మృగశిర కార్తె దగ్గర పడింది, వాన పడేలోపు ముగించాలి. ఆ రోజు పొద్దున్న ఆఖరి పొర పోశాను. మామూలుగా అయితే సాయంత్రానికి ఆరిపోవాలి. మధ్యాహ్నం ఎక్కడి నుంచో మబ్బు కమ్మింది. వేలితో ముట్టుకుంటే అంటుకుంటోంది. ఇంకొక్క పొద్దు ఎండ తగిలితే చాలు అనుకుని చీర కప్పి దిగొచ్చాను.

సరిగ్గా అదే రోజు పై అంతస్తువాళ్ళ పెళ్ళిసందడి మొదలైంది. పైన ఉన్న రెండు అంతస్తులూ కలిపి వాళ్ళదొక్కటే ఇల్లు. వాళ్ళ అబ్బాయికి జ్యేష్ఠంలో ఆఖరి ముహూర్తం. ఫొటోలవాడు తుమ్మెదలా గుయ్యిమనే యంత్రాన్ని ఎగరేసి పైనుంచి మేడ బొమ్మ తీశాడట. ఆ బొమ్మ మేడవాళ్ళందరి ఫోన్లలోకీ వచ్చింది. నా కళ్ళం, దాని మీద నా చాపలు. గాలికి చీర సగం పక్కకి తొలిగి తాండ్ర నిగనిగలాడుతోంది. ఎండతో కరెంటు చేసే పలకలని ఒకరన్నారట. కాదు, పెళ్ళికి వేసిన బంగారు తివాచీలని ఇంకొకరు. పెళ్ళికొడుకు తల్లయితే, డెకరేషను బాగుంది, ఇంకో రెండు వెయ్యండని కబురు పెట్టిందట.

మా అమ్మాయి మాత్రం చీర అంచు గుర్తుపట్టింది.

అదీ ఆ సాయంత్రం తగువుకి మొదలు.

"ఇది నేను కొన్న సీర!" అంది ఫోను నా మొహం మీద పెట్టి.

"కట్టి కట్టి పలసబడిపోయిందే. పలసనిదైతేనే కదా, ఎండ లోపలికి దిగేది."

"నేను కొని ఏడాది కాలేదు!"

"అంటే నేసినోడు అప్పుడే పలసగా నేశాడన్నమాట. నువ్వు సూసుకుని కొనుక్కోవాలి."

అల్లుడు దగ్గాడు. ఆయన నవ్వు ఆపుకోవాలంటే దగ్గుతాడు. మా అమ్మాయి ఆయన వైపు ఒక్క చూపు చూసింది, దగ్గు తగ్గింది.

ఇంతలో గంట మోగింది. మేడ మేనేజరు. మెడకి టై, చేతిలో టోపీ. పాపం మర్యాదస్తుడు.

"మామ్మగారూ, రేపు పదింటికి హెలికాప్టరు దిగుతుంది. ఆ గాలికి మీ చాపలు ఎగిరిపోతాయండీ."

"రాళ్ళు పెట్టాను బాబూ."

"ఆ రాళ్ళు కూడా మావేనండీ."

"పూలకుండీల్లో ఊరికే పడున్నాయి. ఇప్పుడు పని సేస్తన్నాయి."

ఆయన అల్లుడి మొహం చూశాడు. అల్లుడు చెప్పుల వైపు చూసుకున్నాడు. "పొద్దున్న ఎనిమిదిలోపు తియ్యకపోతే మా కుర్రాళ్ళు చుట్టి కింద పెట్టేస్తారండీ, నన్నేమీ అనుకోకండి" అని వెళ్ళిపోయాడు.

చుట్టి కింద పెట్టడమంటే ఆయనకి తివాచీ చుట్టినంత పని. తడి పొర చుడితే చాపకి చాప అంటుకుని, విప్పేసరికి ముద్ద. ఇన్నాళ్ళ పొరలూ ఒక్క పూటలో పోతాయి. గోనెల్లో పండు లేదు, చెట్టు మీద కాయ లేదు. మళ్ళీ పొయ్యాలంటే వచ్చే ఏడే.

"సూశావా?" అంది మా అమ్మాయి. "అందుకే సెప్పాను కొట్లో కొందామని. బంగారు కాయితం సుట్టిన పెట్టెలు, పైన పేరు అచ్చేసి ఇస్తారు. ఎంత దర్జాగా ఉంటాదో."

"కాయితం తింటారేటే ఊరోళ్ళు?"

"మావిడి తాండ్ర కోసం పెళ్ళి ఆపమంటావేటి అయితే?"

"పెళ్ళి ఆపమన్నానా? పక్కకి దిగమన్నాను."

"హెలికాప్టరు పక్కకి ఎక్కడ దిగుతాదమ్మా! సముద్రంలోనా?"

"అది ఆళ్ళు సూసుకోవాలి. నాకు హెలికాప్టర్లు లేవు."

అప్పుడే అల్లుడి చేతిలో ఫోను మోగింది. మనవరాలు. మొహం కనబడే ఫోను. అమ్మ కాలెలా ఉందని అడగడానికి చేసింది. అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే, "అమ్మమ్మా, తాండ్ర ఎంతవరకు వచ్చింది? మా అత్తగారు ఈదంతా సెప్పుకుని తిరుగుతున్నారే. మా కోడలి అమ్మమ్మ సేతి తాండ్ర వస్తాది, ఈ ఏడు ఎవరూ తాండ్ర కొనుక్కోకండని. ఎదురింటావిడ నిజంగానే కొనడం మానేసింది" అంది.

నేను వంగి మా అమ్మాయి కాలికింద తలగడలు సర్దాను.

"ఏమ్మా, మీరంతా అలాగున్నారేటి?" అంది పిల్ల.

"ఏం లేదు," అంది మా అమ్మాయి. "కాలు నొప్పి." ఫోను పెట్టేసింది. తర్వాత నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తింది. పులుసులో ఉప్పు తక్కువైందని కూడా అనలేదు. దానికి అంత కోపం చిన్నప్పుడు కూడా నేను చూళ్ళేదు.

పడుకునేముందు నాలో నేను తేల్చుకున్నాను. పెళ్ళంటే శుభకార్యం. ఎవరిదైనా సరే, దానికి అడ్డంగా చాప పరుచుకుని కూచునే ఆడదాన్ని కాను నేను. పొద్దున్నే ఎవరూ లేవకముందు వెళ్ళి నా చేత్తోనే తీసేస్తాను. సారె నాడు వదిన ముందు తలొంచుకుని నిలబడతాను. ఆ మాట మా అమ్మాయికి అప్పుడే చెప్పొచ్చు. కాని అది మాట్లాడనప్పుడు నేనెందుకు మాట్లాడాలి?

తెల్లారగానే లేచి స్నానం చేసి, హాలు మీదుగా కాకుండా వంటింటి తలుపులోంచి బయటపడి పైకి వెళ్ళాను. ఇనప తలుపు బార్లా తీసి ఉంది. కాపలాదారు కుర్చీలో లేడు. కళ్ళం మీద నా ముగ్గు ఉంది, గులకరాళ్ళు ఓ పక్కకి కుప్ప పోసి ఉన్నాయి. చాపలు లేవు.

మేనేజరు కుర్రాళ్ళు అప్పుడే చుట్టేశారనుకున్నాను. లిఫ్టులో ఇంకెవరైనా వస్తారేమోనని ఆగను కూడా ఆగలేదు, ఒక్కదాన్నే ఎక్కి దిగాను.

ఇంటి తలుపు తీసే ఉంది. హాల్లో సోఫాని గోడకి తోసేశారు. అద్దాల తలుపులు పూర్తిగా పక్కకి జరిపేసి ఉన్నాయి. సముద్రపు గాలి ఈ చివరి నుంచి ఆ చివరికి కొడుతోంది. మా అమ్మాయి ఒక కుర్చీలో కూచుని, ఎదుటి కుర్చీ మీద పిండికట్టు కాలు చాపుకుని, ఈగల్ని తోలడానికి నేను తెచ్చుకున్న కర్ర చేత్తో పట్టుకుని అదిలిస్తోంది. అదిలిస్తున్నది ఈగల్ని కాదు, అల్లుణ్ణీ కాపలాదారునీ. నిక్కరు వేసుకుని మా అల్లుడు ఒక వైపు, చెమటలు కక్కుతూ కాపలాదారు ఇంకో వైపు, ఆఖరి చాపని బల్లపరుపుగా పట్టుకుని దించుతున్నారు. మిగిలిన చాపలు అప్పటికే ఎండలో పరిచి ఉన్నాయి.

"మెల్లిగా! మీ పక్కే ఒంగిపోతన్నాదండీ, ఎత్తండి! అంటింది, సూడండి, నేలకి అంటింది!"

నన్ను చూసింది. చూసి మొహం అటు తిప్పుకుంది.

"సెయ్యి మారలేదు," అంది గోడతో చెప్పినట్టు. "నేను ముట్టుకోలేదు. మోసినోళ్ళు మగాళ్ళు."

మగాళ్ళు లెక్కలోకి రారు. అది నిజమే.

"కింద పేపర్లు పరవకపోయావా? మరక పడతాది," అన్నాను.

"పడనీ."

నేను కూచుని చాపల అంచులు సర్దాను. అల్లుడు కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్ళాడు. ఎంత పాలు పోస్తాడోనని భయమేసింది కాని లేవలేదు. కాసేపటికి మేనేజరు వచ్చి గుమ్మంలో నించుని, "పైవాళ్ళు ఆ బంగారు తివాచీలు ఎక్కడికి పోయాయని అడుగుతున్నారండీ" అన్నాడు. హాల్లోకి తొంగి చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పదింటికి హెలికాప్టరు వచ్చింది. మా నెత్తి మీదుగా దిగింది. అద్దాలు అదిరాయి, అలమరలో కప్పులు గలగలమన్నాయి. పెళ్ళికొడుకు దిగాడో లేదో మేం చూళ్ళేదు. ఆ గాలికి తాండ్ర మీద చీర లేచిపోకుండా నేనో అంచు, అదో అంచు పట్టుకుని కూచున్నాం.

మధ్యాహ్నం కాకముందే ఆఖరి పొర ఆరింది. చాపలు ఎత్తి చూస్తే సోఫా కాలు ఉండే చోట అరచేతంత పసుపుపచ్చ మరక. తడిగుడ్డ పెట్టి తుడిచాను. పోలేదు.